చౌకబేరము – గృహస్థధర్మము

ధర్మార్థకామమోక్షములను నాలుగు పురుషార్థములలో అర్థమునకు రెండవ స్థానము. దానిని ధర్మమునకు పిమ్మటను, కామమునకు ముందును నిలుపుటలో పెద్దల తాత్పర్యము స్పష్టముగనే యున్నది. ధనము ధర్మమార్గమున రావలయును. వచ్చిన ధనము కోరికలను తీర్చవచ్చును గాని, కోరికలు ధనమును లాగికొనిపోరాదు. గృహస్థుడు ధనమెట్లు గడింపవలయునో శాస్త్రములు విస్తరించి చెప్పినవి. దాని నెట్లు వెచ్చింపవలయునో కూడ చెప్పినవి; కాని ఆ రెండవ భాగమును శ్రద్ధతో వినువారు తక్కువ. సంపాదనలో అధర్మము దొరలినచో లోకము వేలెత్తి చూపును. వ్యయములో అవివేకము దొరలినచో చూపువారుండరు. పైగా అంగడివారు నవ్వుచు నమస్కరించి సంచి చేతికిత్తురు.

ఆషాఢమాసము వచ్చినదనగానే మన పట్టణములలోని వస్త్రాలయముల ముందు తగ్గింపు అమ్మకముల పలకలు వెలయును. సగము ధర, ఒకటి కొన్న ఒకటి ఉచితము, ఈ మూడు దినములు మాత్రమే అను మాటలు వార్తాపత్రికల మొదటి పుటనుండి చేతిలోని ఫోను వరకు వ్యాపించును. ఆషాఢము దాటగానే శ్రావణమునకు, పిదప దసరాకు, దీపావళికి, ఆంగ్ల సంవత్సరాదికి, సంక్రాంతికి వేర్వేరు పేర్లతో ఇట్టివే వచ్చుచుండును. 2014 నుండి దసరా దీపావళుల వేళ ఆన్‌లైన్ వర్తక సంస్థలు ఏటేట జరుపు భారీ అమ్మకములతో అంగడి ఇంటిలోనికే వచ్చి కూర్చున్నది. వీనివలన గృహస్థునకు నిజముగా లాభమున్నదా? ఉన్నచో ఎప్పుడు, ఎంత? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును. కాని ఇంటి ఖర్చు, ఇంటి అప్పు, ఇంటిలోని మనశ్శాంతి, ఈ మూడును దీని సమాధానమును బట్టియే యుండును.

ధర తగ్గుటకు కారణము

ముందుగా న్యాయముగ విచారింపవలయును. తగ్గింపు అమ్మకములన్నియు మోసములే యని చెప్పుట సత్యము కాదు. ఆషాఢము మన ప్రాంతమున శూన్యమాసము. వివాహముహూర్తములుండవు. కొత్త కోడలు పుట్టింటికి వెళ్లును. పెండ్లి బట్టలు కొనువారు లేక దుకాణములు వెలవెలబోవును. వర్తకుని సరుకు బీరువాలలో నిలిచిపోయినను, అద్దె నిలువదు, పనివారి జీతము నిలువదు, సరుకునకై తెచ్చిన అప్పుపై వడ్డీ నిలువదు. శ్రావణమునకు కొత్త సరుకు దింపవలయునన్న పాత సరుకు కదలవలయును. కావున లాభములో కొంత వదలుకొని యైనను అమ్ముట వానికి మేలు. ఇట్టి తగ్గింపునకు కారణమున్నది. అది కొనువానికిని మేలే.

ఇంతకంటె పాతదియు, నిజమైనదియు నగు మరియొక తగ్గింపు కలదు. అది ప్రకృతి యిచ్చునది. కొత్త చింతపండు వచ్చిన దినములలో ఏడాదికి సరిపడ కొని, గింజ తీసి, ఉప్పు కలిపి జాడీల కెత్తుట. మిరపకాయ ఎండిన వేళ కొని కారము కొట్టించుకొనుట. కందులు కల్లమునుండి వచ్చినప్పుడు తెచ్చుకొనుట. వేసవిలో ఆవకాయ పెట్టుట – ఇవన్నియు మన ఇండ్లలో తరతరములుగా సాగిన కొనుగోళ్లు. అక్కడ ధర తగ్గుటకు పంట సమృద్ధియే హేతువు. కొనుటకు ఇంటి అవసరమే హేతువు. ఎంత కొనవలయునో ఇంటనున్న జాడీయే చెప్పును. ఏ ప్రకటనయు లేకయే ఇల్లాలు ఆ కాలమును ఎరుగును. చౌకగా దొరకునప్పుడు కొని దాచుట లోభము కాదు, అది మితవ్యయము. గృహస్థునకది గుణమే.

హేత్వాభాసము

అట్లయిన చిక్కెక్కడ? తర్కశాస్త్రమున హేత్వాభాసమను మాట కలదు. హేతువు కాకయే హేతువువలె తోచునది హేత్వాభాసము. పొగ యున్నచోట నిప్పున్నదని చెప్పుట సరియైన అనుమానము. ఏలయన నిప్పు లేనిచోట పొగ ఉండదు. నిప్పున్నది గావున పొగ యున్నదనుట సరికాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండు నందు నిప్పుండియు పొగ ఉండదు. "ధర తగ్గినది, కావున కొన్నవానికి లాభము" అను అనుమానము ఈ రెండవ తెగకు చెందినది. ధర తగ్గియు లాభము లేని స్థలములు అనేకము. కావున ధర తగ్గుట యను హేతువు లాభమును సాధింపజాలదు. దానికి తోడుగ మరియొకటి కావలయును. అదియే అవసరము.

ఒక గృహస్థు పండుగ అమ్మకములో ఐదువేల రూపాయల వస్తువును రెండువేలకు కొని ఇంటికి వచ్చినాడనుకొందము. "మూడువేలు మిగిలినవి" అని సంతోషముతో చెప్పెను. "ఆ మిగిలిన మూడువేలు ఇటు ఇండు, అబ్బాయి బడి రుసుము కట్టవలయును" అని ఇల్లాలడిగెను. ఆయన వద్ద మూడువేలు లేవు. అంతకుముందున్న రెండువేలును లేవు. ఇది నవ్వుటకు చెప్పుకొను మాటవలె నున్నను, ఇందులోనే విషయమంతయు నున్నది. ఆదా యనునది చేతిలో మిగిలిన ధనమునకు పేరు; చేతినుండి వెడలిన ధనమునకు కాదు. ఆ వస్తువు ఇంటికి ముందే కావలసినదై, ఐదువేలు పెట్టియైనను కొనవలసినదే యైనచో మూడువేల లాభము సత్యము. లేనిచో రెండువేల నష్టము సత్యము. వస్తువు అదియే, ధర అదియే. అవసరము ముందు పుట్టినదా, ప్రకటన ముందు పుట్టినదా అను ఒక్క భేదముచేత లాభము నష్టమైనది.

కాలమును కూడ గమనింపవలయును. ఆషాఢము పల్లెలో విత్తు వేళ. విత్తనములకు, ఎరువులకు, కూలికి రైతు చేతినుండి ధనము పోవు సమయము. పట్టణములో పిల్లల చదువు రుసుములు, పుస్తకములు, దుస్తులు కొను సమయము. అనేక గృహములలో చేయి ఎండియుండు మాసమున సగము ధర యను పిలుపు వినవచ్చును. ఆ పిలుపునకు బదులు పలికినవాడు ఏ ఖర్చును ఆపి పలుకుచున్నాడో చూచుకొనవలయును.

లెక్కలోని మెలికలు

లెక్క సరిగా వేయుటయు ధర్మములోని భాగమే. డబ్బాపై ముద్రించు ఎమ్మార్పీ అనగా అంతకు మించి అమ్మరాదని చట్టము గీచిన గీత. అది వస్తువు యొక్క విలువ కాదు. మామూలుగా అమ్ముచున్న ధరయు కాదు. దానిని కొట్టివేసి పక్కన తక్కువ అంకె వ్రాసినంత మాత్రమున ధర తగ్గినట్లు కాదు. నాలుగువేల చీటి గల చీర సగము ధరకు రెండువేలకు వచ్చినది. అదే చీర వైశాఖమున రెండువేల మూడువందలకే దొరకుచుండెనన్నచో నిజమైన తగ్గింపు మూడువందలు మాత్రమే. "50 శాతము వరకు" అనుచోట "వరకు" అను చిన్న మాటయే పెద్దది. ఏదో ఒక మూలనున్న కొలది సరుకునకే ఆ సగము వర్తింపవచ్చును. "50 శాతముపై మరియొక 20" అనిన 70 కాదు. వేయి రూపాయల వస్తువు ముందు ఐదువందలై, అందులో ఐదవ వంతు తగ్గి నాలుగువందలగును. అనగా తగ్గినది 60 శాతము. రెండు కొన్న మూడవది ఉచితమనిన, మూడును కావలసినవానికి మూడవ వంతు లాభము. ఒక్కటే కావలసినవాడు రెండింటి ధర ఇచ్చి, అక్కరలేని రెండింటిని మోసికొని వచ్చును.

శ్రీమద్భాగవతము ఏకాదశస్కంధమున అవధూత ఇరువదినలుగురు గురువులను పేర్కొనెను. వారిలో చేప ఒకటి. గాలమునకు గ్రుచ్చిన ఎరను చూచును గాని గాలమును చూడదు. నాలుక చాపల్యముచే ప్రాణము కోల్పోవును. మన కాలమున ప్రభుత్వమువారు ఈ ఎర యను మాటనే చట్టభాషలోనికి గ్రహించిరి. 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించు ప్రకటనలను నివారించుటకు వెలువరించిన మార్గదర్శకములలో ఎర ప్రకటనలకు ప్రత్యేక నియమములు పెట్టిరి. తగినంత సరుకు లేకయే తక్కువ ధర ప్రకటించి జనులను రప్పించుట అందు చెప్పిన దోషములలో నొకటి. ఉచితమని చెప్పినచో నిజముగా ఉచితము కావలయునని కూడ నియమించిరి. 2023 నవంబరులో వెలువడిన మరియొక మార్గదర్శకము ఆన్‌లైన్ అంగళ్ల కపటములను 13 విధములుగ పేర్కొనెను. "రెండే మిగిలినవి, పది నిమిషములే గడువు" అని లేని తొందరను పుట్టించుట వానిలో నొకటి. మోసపోయినవారు 1915 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకొనవచ్చును. రాజశాసనము గాలమును కొంత మొద్దుపరచవచ్చును. నోరు తెరువకుండుట మాత్రము చేప చేతిలోని పని.

వడ్డీ లేదన్న అప్పు

చేతిలో ధనము లేనివాని కొరకు వాయిదాల పద్ధతి వచ్చినది. "వడ్డీ లేని వాయిదాలు" అని చెప్పుదురు. లోకమున వడ్డీ లేని వర్తకపు అప్పు అరుదు. సున్న శాతము వడ్డీ యను భావనయే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు స్పష్టము చేసినది. నగదుపై వచ్చు తగ్గింపును వాయిదాలవానికి ఈయకపోవుట, ముందుగానే ఏదో ఒక రుసుము పుచ్చుకొనుట మొదలగు రూపములలో వడ్డీ దాగియుండును. నగదుకు 18,500 రూపాయలకు వచ్చు వస్తువు వాయిదాలలో 20,000 అయినచో ఆ 1,500 వడ్డీయే. పేరు మాత్రము మారినది.

శ్రీనివాసుని మన భక్తులు వడ్డికాసులవాడని ప్రేమతో పిలుతురు. పద్మావతీదేవితో కల్యాణమునకై కుబేరుని వద్ద ఋణము గైకొని, నేటికిని వడ్డీ తీర్చుచున్నాడని కథ. ఈ కథను వినోదముగా చెప్పుకొనుచు, స్వామియే అప్పు చేయగా మనకేమి దోషమని సమర్థించుకొనువారు కలరు. కథలోని భావము వేరు. ఋణమనునది ఎంతటివానినైనను కలియుగాంతము వరకు కట్టివేయునని అందు తెలియుచున్నది. అదియు లోకకల్యాణమగు వివాహమునకు చేసిన ఋణము. అక్కరలేని వస్తువునకు చేసినది కాదు. అప్పు చేసి పప్పుకూడు తినరాదని మన పెద్దలు ఊరక చెప్పలేదు.

బంగారము విషయమున ఈ లెక్క మరింత జాగ్రత్తగా వేయవలయును. అక్షయతృతీయనాడు తరుగు లేదు, మజూరిలో సగము తగ్గింపు అను ప్రకటనలు మెండు. లెక్క సులువు కొరకు ఒక నగలోని బంగారము విలువ లక్ష రూపాయలనుకొందము. తరుగు, మజూరి కలిపి 12 శాతము ఉండగా పండుగ పేర సగము తగ్గించి ఆరువేలు చేసిరి. లక్షా ఆరువేలపై 3 శాతము జీఎస్టీ 3,180. మొత్తము 1,09,180 రూపాయలు. ఆ నగను మరునాడే అమ్మవలసివచ్చినచో బంగారపు విలువయే వచ్చును; తక్కిన 9,180 రూపాయలు తిరిగి రావు. బిడ్డ పెండ్లికి నగ కావలసినవాడు ఆ తగ్గింపు చూచుకొని, ఆరు అక్షరాంకెల గుర్తు గల హాల్‌మార్కు నగ కొనుట వివేకమే. ఆ గుర్తు లేని నగలను అమ్మరాదని 2023 ఏప్రిల్ 1 నుండి నియమమున్నది. కాని ఆనాడు కొనకున్న సంపద అక్షయము కాదను భయముతో అప్పు చేసి కొనుట శాస్త్రము చెప్పినది కాదు. ఆ తిథికి సంప్రదాయము చెప్పినది దానము. ఎండ వేళ జలము, అన్నము, గొడుగు, విసనకఱ్ఱ మొదలైనవి ఇచ్చుట. ఇచ్చినది అక్షయమగునని పెద్దలు చెప్పగా, కొన్నది అక్షయమగునని అంగడి చెప్పుచున్నది.

పేదవాని పక్షము

ఇట్లు చెప్పునప్పుడు ఒక ఆక్షేపము వచ్చును. "కడుపు నిండినవానికి ఈ వైరాగ్యము శోభించును. ఏడాదికొకసారి బట్టలు కొను కుటుంబమునకు ఆషాఢపు అమ్మకమే ఆధారము. వారిని కూడ లోభులందురా?" ఈ ఆక్షేపము న్యాయమైనది. శ్రావణమున కూతురి వివాహము నిశ్చయమై, పెట్టుబడి చీరలు ఇరువది కావలసిన తండ్రి ఆషాఢములో నాలుగు దుకాణములు తిరిగి, గుడ్డ నాణ్యము చూచి, తక్కువకు కొన్నచో ఆయన చేసినది లోభము కాదు, కుటుంబరక్షణము. ఆయన చేతి జాబితా ఇంటిలో వ్రాసికొన్నది. అంగడి దానికి ఒక్క పంక్తియు చేర్చలేదు. ధనికుడై యుండియు బీరువాలో మడత విప్పని చీరల నడుమ మరియొకటి చేర్చువారికంటె ఆయన శతగుణముల వివేకి. కావున కొనువాని సొమ్ము ఎంత యనునది కాదు ప్రశ్న. వాని కొనుగోలునకు మొదలెక్కడ యనునదియే ప్రశ్న.

చేనేత బట్టలపై పండుగలకు సహకార సంఘముల దుకాణములలో ఇచ్చు రిబేటు కూడ ఇట్టిదే. నేతగాని ఇంట పేరుకొన్న సరుకు కదలి, వాని మగ్గము మరల ఆడుటకు ఆ తగ్గింపు తోడ్పడును. మంగళగిరి, వెంకటగిరి, గద్వాల, పోచంపల్లి నేతను ఆ వేళ కొన్నవాడు తాను లాభపడి, ఇతరుని కూడ నిలబెట్టినవాడగును.

అమ్మువాని ధర్మము, కొనువాని ధర్మము

మహాభారతము శాంతిపర్వమున తులాధారుని కథ కలదు. జాజలి యను తపస్వి కదలక నిలిచి తపస్సు చేయగా తలపై పక్షులు గూడు కట్టి పిల్లలను పెట్టెను. అంతటి తపస్సు చేసితినని గర్వించిన ఆయనను, ధర్మము తెలియుటకు వారణాసిలోని ఒక వర్తకుని వద్దకు పొమ్మని ఆకాశవాణి పలికెను. ఆ వర్తకుడు తులాధారుడు. తన త్రాసు సర్వప్రాణులయెడ సమముగ నుండుననియు, ఎవ్వరికిని ద్రోహము తలపక జీవించుటయే తన ధర్మమనియు ఆయన చెప్పెను. అంగడిలో కూర్చుండియు మహర్షికి గురువగుట సాధ్యమని ఈ కథవలన తెలియుచున్నది. వర్తకము నీచము కాదు. వంకర త్రాసు నీచము.

మన పాత అంగళ్లలో కొసరు అను ఆచారముండెడిది. కొలత పూర్తియైన పిమ్మట దుకాణదారుడు మరియొక పిడికెడు వేసెడివాడు. ఆ కొసరు కొన్న తరువాత వచ్చెడిది. కొనుటకు కారణమయ్యెడిది కాదు. నేటి ప్రత్యేక బహుమతి కొనుటకు ముందే వచ్చి, అసలును మరపించి, తానే అసలైనట్లు నిలుచుచున్నది.

కొనువాని త్రాసు కూడ సమముగ నుండవలయును గదా! శీతల యంత్రము గల పెద్ద దుకాణములో చీటిపై నున్న ధరను మారుమాటాడక ఇచ్చువాడు, గుడి ముంగిట తులసిమాల అమ్ము ముసలమ్మతో ఐదు రూపాయలకై వాదించుట తరచుగ కానవచ్చును. ఆమెకు శూన్యమాసమును లేదు, పండుగ అమ్మకమును లేదు. సాయంకాలమునకు మాల వాడిపోవును. ఆమెవద్ద తగ్గించుకొన్న ఐదు రూపాయలు ఆమె రాత్రి భోజనములోనివి. చౌకబేరము ఎవరి నష్టముపై నిలిచినదో విచారింపనివాడు స్వామికి సమర్పించు మాల ఎంత బరువైనదైనను తేలికయే.

మూడడుగులు చాలునన్నవాడు

ఇంతవరకు చెప్పినది లెక్క. లెక్క తెలిసినవాడు కూడ ఏల మోసపోవును? తృష్ణవలన. విషయములను పదేపదే తలచుటవలన సంగము, సంగమువలన కామము పుట్టునని భగవద్గీత రెండవ అధ్యాయమున శ్రీకృష్ణపరమాత్మ క్రమము చెప్పెను. ప్రకటన చేయు పని ఆ మొదటి మెట్టు పనియే. వస్తువును పదిమార్లు కన్నులయెదుట నిలుపును. తక్కినది మనస్సు తానే చేసికొనును.

వామనావతార కథను ఈ దృష్టితో చూచిన గొప్ప విశేషము గోచరించును. బలిచక్రవర్తి యజ్ఞశాలకు వటువు వచ్చెను. బలి మహాదాత. గోవులు, బంగారము, ఇల్లు, గ్రామములు, గుఱ్ఱములు, ఏనుగులు – కావలసినది కోరుకొమ్మనెను. అంతకు మించిన అవకాశమెవ్వరికి దొరకును? వటువు మూడడుగుల నేల కోరెను. బలి నవ్వి, ఇంత చిన్న కోరికయా, తన్నడిగినవాడు మరి యెవ్వరినడుగ నక్కరలేనట్లు అడుగుమనెను. వామనుడు ఒప్పలేదు. మూడడుగులతో తృప్తి పడనివాడు ద్వీపమంతయు వచ్చినను తృప్తి పడడనియు, తనకు కావలసినంత మాత్రమే గ్రహించువానికి దోషమంటదనియు చెప్పెను. ఆ కావలసినంత అనుదానికే యావదర్థమని పేరు. ఇచ్చువాని శక్తిని బట్టి కాక, తన అవసరమును బట్టి పుచ్చుకొనుట యావదర్థము. పిమ్మట స్వామి త్రివిక్రముడై లోకములను కొలిచిన సంగతి వేరు. అది ఇంద్రుని రక్షించుటకును, బలిని అనుగ్రహించుటకును. అడిగినది మాత్రము మూడడుగులే. సగము ధర యను బలిదానము ఎదుట నిలిచినప్పుడు గృహస్థుడు తలచుకొనవలసినది ఆ వటువును.

పర్వదినములు అట్టివి కావా?

సూక్ష్మబుద్ధి గలవారు మరియొక శంక చేయుదురు. "శాస్త్రములు కూడ ప్రత్యేక కాలములకు ప్రత్యేక ఫలములు చెప్పినవి గదా! వైకుంఠైకాదశినాడు ఉత్తరద్వార దర్శనము, ధనుర్మాసమున ఉషఃకాల పూజ అధిక పుణ్యప్రదములనుటకును, అంగడివాని పండుగ అమ్మకమునకును భేదమేమి?" భేదము స్పష్టము. అంగడి తన ప్రత్యేక దినమున తెచ్చుకొమ్మనును. శాస్త్రము తన ప్రత్యేక దినమున విడువుమనును. ఏకాదశి యన్న ఉపవాసము, జాగరణము. ధనుర్మాసమన్న వెచ్చని పడకను వీడి చలిలో స్నానము. ఆషాఢ శుద్ధ ఏకాదశినాడు శ్రీమన్నారాయణుడు యోగనిద్రకు ఉపక్రమించునని, నాటినుండి చాతుర్మాస్యమని, ఒక్కొక్క మాసమున ఒక్కొక్క పదార్థమును వర్జింపవలయునని నియమము. విడుచుట నేర్పుటకు పెద్దలు ఏర్పరచిన మాసముననే కొనుటకు పిలుపులు హెచ్చుగ వినవచ్చుట కాలవైచిత్ర్యము.

మరియొక భేదము కలదు. అంగడి సరుకు ఒకరు కొన్న మరియొకరికి తరుగును; అందుచే తొందర. భగవత్కృప పదిమంది పొందినచో పదునొకండవవానికి తరుగదు. వైకుంఠైకాదశీ పర్వమున తిరుమలలో వైకుంఠద్వారమును 10 దినములు తెరచియుంచు పద్ధతి 2020 నుండి వచ్చినది. స్వామి సన్నిధిలో గడువు దాటునను భయముతో ఒకరినొకరు త్రోసికొన నక్కరలేదు. అది అంగడి నేర్పిన అలవాటు. గుడిలోనికి తేదగినది కాదు.

ఈ అలవాటు భక్తిలోనికి కూడ ప్రవేశించుటయే అన్నిటికంటె పెద్ద నష్టము. హిరణ్యకశిపుని సంహరించిన పిమ్మట నృసింహస్వామి ప్రహ్లాదుని వరములు కోరుకొమ్మనెను. పుట్టుకతోనే కోరికలకు లోబడిన జీవిని వరములతో ఇంకను ప్రలోభపెట్టవలదని ఆ బాలుడు ప్రార్థించెను. స్వామివలన లాభము కోరి సేవించువాడు సేవకుడు కాడు, వర్తకుడు అనెను. ఈయదలచినచో తన హృదయమున కోరిక మొలకెత్తకుండునట్లు వరమిమ్మనెను. అహోబిలమును దర్శించు యాత్రికులు తలచుకొనదగిన మాట యిది. కష్టము గట్టెక్కిన కృతజ్ఞతతో మొక్కు చెల్లించుట భక్తియే. ఇంత ఇత్తును, అంత ఇమ్మని తూచుట మాత్రము బేరము. దినమంతయు తగ్గింపుల లెక్కలలో తిరుగు మనస్సు సన్నిధిలో నిలిచినను అదే లెక్క వేయును. కావున అంగడిలో మనస్సును అదుపులో నుంచుకొనుట కేవలము ధనరక్షణము కాదు, భక్తిరక్షణము.

ఇంటి ఆస్థానము

తిరుమలలో జులై నడిమి భాగమున ఆణివార ఆస్థానము జరుగును. మహంతుల కాలమున దేవస్థానపు వార్షిక ఆదాయ వ్యయముల లెక్కలు ఆనాటినుండి మొదలయ్యెడివి. ధర్మకర్తల మండలి ఏర్పడిన పిమ్మట బడ్జెటు మార్చి, ఏప్రిల్ నెలలకు మారినను, ఉత్సవము నేటికిని సాగుచున్నది. తాళపుచెవులు స్వామి పాదముల చెంత ఉంచుట అందలి ముఖ్యాంశము. సకలలోకములకు ప్రభువైనవాని కొలువులోనే లెక్క ఒప్పజెప్పు ఆచారముండగా, గృహస్థుని ఇంట లెక్క లేకుండుట యుక్తమా? సాధారణముగ ఆషాఢమున వచ్చు ఆ దినముననే ప్రతి కుటుంబము తన పద్దుపుస్తకము విప్పి, ఏమి కావలయునో, ఏమి యున్నదో దేవుని గదిలో కూర్చుండి వ్రాసికొన్నచో అదియే ఇంటి ఆస్థానము.

ఆ పిమ్మట తగ్గింపు ప్రకటన కనబడినప్పుడు మూడు ప్రశ్నలు చాలును. ఈ వస్తువు పేరు ప్రకటనకు ముందే పుస్తకములో నున్నదా? దీని ధర మామూలు దినములలో అమ్ము ధరకంటె నిజముగా తక్కువయా? అప్పు చేయక, ఇంటిలో మరియొకరి అవసరమును ఆపక కొనగలమా? మూడింటికిని ఔనని బదులు వచ్చినచో నిశ్చింతగా కొనవచ్చును. ఆ లాభము ధర్మలబ్ధమే. ఏ ఒక్కదానికి కాదన్నను ఒక రాత్రి ఆగుట మేలు. తెల్లవారునప్పటికి అవసరమైనది నిలుచును, ఆశయైనది కరగును. అట్లు నిజముగా మిగిలిన దానిలో కొంత అన్నదానమునకో, ఇరుగుపొరుగు పేదబిడ్డ పుస్తకములకో వెచ్చించినచో ఆ ఆదా ఇంటిని దాటి పుణ్యమగును.

మూడడుగులు చాలునని పలికిన వామనమూర్తి, కోరికయే వలదన్న ప్రహ్లాదునకు వశుడైన నృసింహుడు, లెక్కలు స్వీకరించు శ్రీనివాసుడు ఒక్కడే. ఆ స్వామి గృహస్థులందరికి కావలసినంత కలిమిని, అది చాలునను బుద్ధిని అనుగ్రహించు గాక!